పచ్చబొట్ల ఫోటో పుస్తకాన్ని దేన్నిబట్టి మంచిదనాలి?

వెలుగునీడ
పచ్చబొట్ల ఫోటో పుస్తకాలను సమీక్షించేవారిలో చాలామంది పచ్చబొట్ల గురించి రాస్తారు గాని పుస్తకం గురించి రాయరు. జపాను పద్ధతిలో వీపంతా ఒకే చిత్రంగా, మెడ కింది నుంచి తొడల దాకా, అలలూ మేఘాలూ ఒకదానిలో ఒకటి కలిసిపోయేలా వేస్తారు. అటువంటి వీపును జంట పుటల మీద పరిస్తే డ్రాగన్ నడుము సరిగ్గా బైండింగు కుట్టులోకి కూరుకుపోతుంది. పుస్తకాన్ని ఎంత విప్పినా ఆ రెండు వేళ్ల మేర కనబడదు. సమీక్షకుడు మాత్రం డ్రాగన్ అద్భుతమని రాసి ఊరుకుంటాడు. నా మటుకు ఇటువంటి పుస్తకాన్ని ఫోటోగ్రఫీగా మాత్రమే చూసి విలువ కట్టాలి. వెలుగు ఎలా పడింది, చట్రంలో ఏది ఉంచారు, నలుపు ముద్రణలో నిలిచిందా, పుటల వరుసకు ఒక ఆలోచన ఉందా అన్నవే ప్రశ్నలు. పచ్చబొట్టు గొప్పదా కాదా అన్నది వేరే విచారణ. మీరేమంటారు?

సూదిమొన
నేను పచ్చబొట్లు వేసే వృత్తిలో ఉన్నాను. ఏ పుస్తకం చేతికొచ్చినా ముందు చూసేది ఒక్కటే: అది మానిన పచ్చబొట్టా, అప్పుడే వేసినదా? సూది పక్కన పెట్టిన గంటలో ఎవరి పనైనా గొప్పగానే కనబడుతుంది. గీత చుట్టూ చర్మం ఎర్రగా ఉబ్బి ఉంటుంది, నలుపు తడితో నిగనిగలాడుతుంది. సిరా నిలిచేది పై పొరలో కాదు, దాని కింద ఉండే డెర్మిస్‌లో. గాయపడిన పై పొర రాలి కొత్తది వచ్చాక దాని గుండానే రంగును చూస్తాం కాబట్టి అది మెత్తబడుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ గీత వెడల్పవుతుంది, నలుపు నీలం వైపు తిరుగుతుంది, ఇరికించి రాసిన చిన్న అక్షరాలు అలుక్కుపోతాయి. ఇవేవీ చూపకుండా తాజా పనులతో నింపిన పుస్తకం, ఎంత ఖరీదైన అట్ట వేసినా, ప్రచార పత్రమే అవుతుంది.

పుటలవాసన
రెండు రకాలూ ఉన్న పుస్తకాలు లేవా?

వెలుగునీడ
సూదిమొన గారూ, మీరు ఫోటోను సాక్ష్యంగా చూస్తున్నారు. అది ఏనాడూ అంత నమ్మదగిన సాక్షి కాదు. పందొమ్మిదవ శతాబ్దంలో ఫోటోలు తీయడానికి వాడిన తడి కొలోడియన్ పలకకు, అంటే రసాయనం పూసి తడి ఆరకముందే వాడే గాజు పలకకు, నీలి వెలుగు బాగా సోకేది, ఎరుపు దాదాపు సోకేది కాదు. అందువల్ల గోధుమ రంగు చర్మం ముదురుగానూ, దాని మీది నీలివన్నె సిరా లేతగానూ వచ్చి, ఆ రెంటి మధ్య తేడా చెరిగిపోయేది. న్యూజిలాండ్ మూలవాసులైన మావోరీల ముఖాల మీద ఉన్న మోకో అనే సంప్రదాయ పచ్చబొట్టు గీతలు కొన్ని చిత్రాలలో దాదాపు మాయమయ్యాయి. ఇక అదే శతాబ్దపు ఫోటోగ్రాఫరు ఫెలీచె బెయాతో జపానులో తీసిన, పచ్చబొట్లున్న గుర్రపు సేవకుల చిత్రాలలో మనం మెచ్చుకునే ఎరుపూ నీలమూ ప్రింటు మీద కుంచెతో అద్దినవి. ఈనాడు దీపానికీ లెన్సుకూ పోలరైజింగ్ ఫిల్టర్లు బిగిస్తే చర్మం మీది మెరుపు పోయి, పాతబడిన రంగు కూడా చిక్కగా కనబడుతుంది. ఇదంతా ఫోటోగ్రాఫరు చేతిలో ఉన్నప్పుడు తీర్పు అతని పని మీదనే చెప్పాలి.

సూదిమొన
ఏ ఫిల్టరు పెట్టినా వెడల్పయిన గీత సన్నబడదు. నేను అడిగింది రంగు గురించి మాత్రమే కాదు, పని నిలకడ గురించి.

ఇంకొక మాట కూడా చెబుతాను. నేను నెలల తరబడి కూర్చుని వేసిన ఒక భుజం చిత్రం పెద్ద సైజు పుస్తకంలో పుట నిండా అచ్చయింది. ఫోటోగ్రాఫరు పేరు ఉంది, సంపాదకుడి పేరు ఉంది, చివరి పుటలో కాగితం రకం, అక్షరాల రకం కూడా ఉన్నాయి. పచ్చబొట్టు వేసినవాడి పేరు ఎక్కడా లేదు. ఫోటోగ్రఫీని మాత్రమే చూడమంటే జరిగేది ఇదే.

అడ్డగీత
ఇది పేరు రాలేదన్న బాధ. పుస్తకం నాణ్యతకూ దీనికీ సంబంధం ఏమిటో నాకు తెలియలేదు.

సూదిమొన
సంబంధం సూటిగానే ఉంది. నా పేరు వేయాలనుకుంటే నన్ను అడిగేవారు. అడిగితే ఎప్పుడు వేశానో చెప్పేవాణ్ణి. ఆ తేదీ అచ్చయితే అది మానినదో కాదో పాఠకుడికి తెలిసేది. ఎటు తిప్పినా నా మొదటి ప్రశ్న దగ్గరికే వస్తారు.

పాతపెట్టె
వివరణ లేని చిత్రం కొన్ని సంప్రదాయాలలో అర్థమే కాదు. సోవియట్ జైళ్లలో మోకాళ్ల మీద నక్షత్రాలుంటే ఎవరి ముందూ మోకరిల్లనని అర్థం. వీపు మీద చర్చి గుమ్మటాల సంఖ్య అతను అనుభవించిన శిక్షల సంఖ్య. వెలుగు ఎంత చక్కగా పడినా, ఈ సంగతి చెప్పని పుస్తకంలో అవి ఉత్త నక్షత్రాలూ గుమ్మటాలూ.

వెలుగునీడ
ఆ అర్థాలను దశాబ్దాల పాటు బొమ్మలతో సహా నమోదు చేసిన డాన్‌జిగ్ బాల్దాయెవ్ స్వయంగా జైలు కాపలా ఉద్యోగి. కాపలాదారు రాసుకున్న వివరణలో ఖైదీ చెప్పింది ఎంత, అధికారి అనుకున్నది ఎంత? వివరణ ఉన్నంత మాత్రాన పుస్తకం నిజాయితీగలది కాదు. కనీసం ఫోటోలో నేను చూసి తేల్చుకోగలిగినది ఉంటుంది.

నిండువీపు
ఇంతసేపూ చదివి ఊరుకున్నాను, ఇక ఊరుకోలేను. ఒకరికి వెలుగు పడిన తీరు కావాలి, ఒకరికి సూది దిగిన తీరు కావాలి. ఆ చర్మం ఒక మనిషిదని మీ ఇద్దరికీ గుర్తున్నట్టు లేదు. నా వీపు ఒక పుస్తకంలో ఉంది. ప్రదర్శనకు వెళ్లినప్పుడు ఫోటో తీసుకోవచ్చా అని అడిగితే సరేనన్నాను. పుస్తకం మాట ఎవరూ ఎత్తలేదు. మెడ దగ్గర కత్తిరించి అచ్చు వేశారు. అడిగితే, ముఖం కనబడటం లేదు గనుక అభ్యంతరం ఉండకూడదన్నారు. మా నాన్న పోయిన తరువాత వేయించుకున్న చిత్రం అది. దాని కింద “కొంగ, మేఘాలు” అని ఉంది.

సూదిమొన
మీకు జరిగినది అన్యాయమే. కాని నా సంగతీ మీ సంగతీ ఒకటే కదండీ, ఇద్దరి పేర్లూ లేవు.

నిండువీపు
ఒకటి కాదు. మీకు పేరు కావాలి. నాకు పేరు అచ్చు వేయమనడం కాదు, నన్ను అడగమనడం. పేరు వద్దనే హక్కు కూడా అందులోదే.

వెలుగునీడ
మీ బాధను తక్కువ చేయను, కాని కత్తిరించడాన్ని నేరమనడం ఒప్పుకోను. ముఖం ఉంటే చూసేవారి చూపు ముందు ముఖం మీదికే పోతుంది, వీపు వెనకబడుతుంది. అది కూర్పుకు సంబంధించిన నిర్ణయం.

నిండువీపు
మనిషిని తీసేసి చర్మాన్ని మాత్రం ఉంచుకోవడం కూర్పుతో మొదలుకాలేదండీ. మోకో గీతలున్న మావోరీల తలలను యూరోపియన్లు తుపాకులిచ్చి కొన్నారు; 1831లో ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ గవర్నరు ఆ వ్యాపారాన్ని నిషేధించవలసి వచ్చింది. మ్యూజియంలలో చేరిన ఆ తలలను వెనక్కి తెచ్చుకునే పని ఇంకా జరుగుతూనే ఉంది. గీతలు ఎంత అందమైనవో కొన్నవారికి బాగానే తెలుసు.

అడ్డగీత
ఫోటో పుస్తకాన్ని తలల వ్యాపారంతో పోల్చడం శ్రుతి మించింది.

పాతపెట్టె
నాకు అలా అనిపించలేదు. మోకోలో వంశమూ హోదా ఉంటాయి. దాన్ని నమూనాగా ముద్రించే పుస్తకం ఎవరిదో చెప్పకపోతే, అది ఫోటోగ్రఫీలో ఎంత గెలిచినా విషయంలో ఓడినట్టే.

వెలుగునీడ
అంటే మనం పోట్లాడుతున్నది మానినదా కాదా అన్నదాని మీద కాదు, వెలుగు మీద కూడా కాదు. ఆ పుట ఎవరిది అన్నదాని మీద. నా జవాబు మారలేదు: అచ్చయిన పుట ఫోటోగ్రాఫరుది. చిత్రంలో ఉన్న ప్రతివారి ఇష్టాయిష్టాలనూ కలుపుకొని విలువ కట్టాలంటే ఏ మనుషుల ఫోటో పుస్తకమూ నిలవదు. అనుమతి న్యాయానికి సంబంధించినది, అది లేకపోతే దావా వేయండి. పుస్తకం బాగుందా లేదా అన్నదానిలోకి దాన్ని తీసుకురాకండి.

సూదిమొన
ఈ ఒక్క చోట నేను నిండువీపు గారి వైపు. అడిగి తీసిన వీపు తీరుగా నిలబడుతుంది, అడగకుండా తీసినది భుజాలు బిగించుకుని ఉంటుంది. బిగించిన భుజాల మీద డ్రాగన్ వంకర తిరుగుతుంది. మీరన్న కూర్పులోనే అది కనబడుతుంది.

పుటలవాసన
మరి ఒకసారి ఒప్పుకున్నవారు కొన్నేళ్ల తరువాత వద్దంటే ప్రచురణకర్త ఏం చేయాలి?

వెలుగునీడ
ఏమీ చేయనవసరం లేదు. మాట ఇచ్చాక వెనక్కి తీసుకునే వీలుంటే పుస్తకాలే రావు.

నిండువీపు
మలి ముద్రణకు ముందు ఒక ఉత్తరం రాసి అడగమంటున్నాను. తొలి ముద్రణ ప్రతులను తగలబెట్టమని ఎవరూ అనలేదు.