చర్చ: ఏడాది దాటినా భార్య ఫోన్ చూడటం నమ్మకం కోసమా, శిక్షా?

నెల్లూరు అక్క: మా చెల్లెలి సంగతి. వాళ్లాయనకు విడవలూరు వైపు రొయ్యల చెరువులు. పిల్లల చదువుల కోసం ఆమె నెల్లూరులో ఉంటుంది. పంట నడిచినన్నాళ్లూ ఆయన పడక గట్టు మీదే. ఇంటికొచ్చినా స్నానం, భోజనం, నిద్ర. ఆమె పాత క్లాస్‌మేట్‌తో రాత్రిళ్లు ఫోన్‌లో మాట్లాడటం మొదలుపెట్టింది. కలిసింది లేదు. కానీ దాచింది. తప్పేనని తానే ఒప్పుకుంది. పెద్దలు కూర్చున్నారు, ఆ నంబరు తీసేసింది. ఏడాది దాటింది. ఇప్పటికీ ఆయన రాగానే ఫోన్ చేతికివ్వాలి, ఆయన లేనప్పుడు వీడియో కాల్‌లో ఇల్లంతా తిప్పి చూపించాలి. ఎన్నాళ్లిట్టా?

గట్టుమనిషి: నాకూ వెనామీ రొయ్యల చెరువులున్నాయి. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది. ఆ టైంలో కరెంటు పోయి, నీళ్లకు గాలి పట్టించే ఏరియేటర్లు ఆగితే, జనరేటర్ వేసే మనిషి లేకపోతే, పంట మొత్తం పోతుంది. సరదాకి గట్టు మీద పడుకుంటామా? నెల్లూరు అద్దె, స్కూలు ఫీజు అన్నీ అందులోంచే. ఫోన్ చూపించడానికి ఏం కష్టం? తెల్లమచ్చ రోగం వచ్చిన చెరువును ఎండగట్టి, సున్నం చల్లి, ఆగి మరీ కొత్త రొయ్య పిల్ల వేస్తాం. మనసుకు అంతకన్నా ఎక్కువ టైం పడుతుంది.

కందుకూరు కోడలు: ఏడాది ఎండగట్టారు. పిల్ల వేసేదెప్పుడు?

ఒంగోలు వకీలు: 1955 హిందూ వివాహ చట్టం 23వ సెక్షన్ చూడండి. తప్పు తెలిసీ క్షమించి కాపురం సాగించినవాళ్లు, తర్వాత అదే తప్పు చూపించి విడాకులు అడిగితే కోర్టు ఇవ్వదు. అసలు ఉత్త ఫోన్ మాటలు ఆ చట్టంలోని వ్యభిచారం కిందికే రావు. నేరం అనుకునేవాళ్లకు కూడా చెప్తున్నా, వ్యభిచారాన్ని నేరంగా చూసిన ఐపీసీ పాత 497వ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 27న కొట్టేసింది.

పామూరు: వకీలు గారూ, వాళ్లు విడిపోతామని అనలేదు కదా.

ఒంగోలు వకీలు: అనకపోయినా ఆయన క్షమించాడా లేదా అన్నది తేలాలి. 1975లో దాస్తానే దంపతుల కేసులో సుప్రీంకోర్టు ఏం చెప్పింది? తప్పును మన్నించాలి, మనిషిని పాత స్థానంలోకి తీసుకోవాలి. రెండూ ఉంటేనే క్షమించినట్టు. ఒకే కప్పు కింద ఉంటే చాలదు.

టంగుటూరు అమ్మ: నా భర్త గ్రానైట్ లారీల మీద తిరిగే రోజుల్లో చీమకుర్తిలో ఇంకో ఇల్లు పెట్టాడు. పెద్దమనుషులు "మగాడు, సర్దుకో తల్లీ" అని వారం తిరక్కుండా నన్ను కాపురానికి పంపారు. ఆయన ఫోన్ చూపించమని ఎవరూ అడగలేదు. ఆయన ఎటు పోతున్నాడని నేను అడిగితే అనుమానపు పక్షి అన్నారు. ఈ పిల్లకి మాత్రం ఏడాది చాలలేదు.

గట్టుమనిషి: మీకు జరిగింది అన్యాయమే. దానికి ఈయన బాకీ తీర్చాలా?

టంగుటూరు అమ్మ: బాకీ కాదు. న్యాయం ఇద్దరికీ ఒకటే ఉండాలంటున్నా. గట్టు మీద పడుకునే నీకు, ఇంట్లో నీ భార్య రోజుకెన్ని మాటలు మాట్లాడుతుందో తెలుసా?

గట్టుమనిషి: మా ఇంటి మాట ఎత్తొద్దు! మీకేం తెలుసు మా బతుకు?

నిర్వాహకుడు: సొంత ఇళ్ల జోలికి పోకండి. ఇంకోసారైతే చర్చ మూసేస్తాను.

గట్టుమనిషి: సరే, ఉన్నమాట చెప్తా. "పట్టించుకోలేదు" అనే మాటకే నాకు మండుతుంది. చలిలో, దోమల్లో మేల్కొనేది ఎవరికోసం? దాన్ని కూడా తప్పుల లెక్కలో రాస్తే, ఇక మేం ఇంటికోసం చేసింది ఏంది?

టంగుటూరు అమ్మ: కష్టాన్ని కాదనలేదు తమ్ముడూ. తిండి, ఫీజు ఆయన ఇచ్చాడు. పగలంతా ఏం జరిగిందో చెప్పుకోవడానికి ఆమెకు ఒక మనిషి కావాలి. అది ఇయ్యకపోవడం కూడా దెబ్బే. దానికి ఆమె వెతుక్కున్న దారి తప్పు, నేనూ ఒప్పుకుంటా. కానీ ఆ పంచాయతీలో ఆమెను ఎవరైనా "నీకేం లోటయ్యింది" అని అడిగారా?

నెల్లూరు అక్క: అడగలేదు. ఆమె చెప్పబోతే మా మేనమామే "నువ్వు నోరెత్తకు" అన్నాడు.

కందుకూరు కోడలు: అందుకే ఆ తగువు తెగలేదు.

గట్టుమనిషి: వీడియో కాల్‌లో ఇల్లు తిప్పి చూపించమనడం మాత్రం బాగాలేదు. పిల్లలు చూస్తుంటారు. అది మానమని నేనూ చెప్తా. ఫోన్ సంగతి వేరు.

నెల్లూరు అక్క: ఈ పంట పట్టాక ఆయనకు కొద్దిరోజులు ఖాళీ. ఈసారి పెద్దల్ని పిలవను. వాళ్లిద్దరినే కూర్చోబెడతా. ఫోన్ చూడటం ఎప్పటికి ఆపాలి, పంట మధ్యలో ఆయన వారానికి ఎన్ని రాత్రులు ఇంటికి రావాలి, రెండూ ఒకే పూట మాట్లాడుకోవాలని చెప్తా. గట్టు మీద ఆ రాత్రులకు జీతగాణ్ని పెట్టే ఖర్చులో సగం నేనిస్తా.

గట్టుమనిషి: జీతగాడు నిద్రపోతే పంట పోతుంది, అది గుర్తుంచుకోండి. ఫోన్‌కి గడువు మాత్రం దెబ్బ తిన్న మనిషే పెట్టాలి.

టంగుటూరు అమ్మ: దెబ్బ తిన్నది ఆయనొక్కడేనని ఇంకా అంటున్నావు. నేనొప్పుకోను. ఇద్దరూ కూర్చుని పెట్టుకోవాలి.