అందరి సంగతీ చూసేవాళ్లు తమ సంగతి ఎప్పుడు చూసుకుంటారు?

నాగావళి గట్టు (శ్రీకాకుళం)
ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతాను. ఇంటికి వచ్చాక అత్తగారి మందులు, పిల్లల చదువు, వంట. అందరూ తిన్నాక మిగిలింది తిని పడుకుంటాను. ఈ మధ్య ఎవరైనా "బాగున్నావా" అంటే చాలు, కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. చేబదులు అడిగే బంధువులకు కాదని చెప్పడం ఎలా? నాకంటూ కాస్త సమయం ఎలా దొరుకుతుంది? ఫోనులో తోటివాళ్ల ఇళ్లు, కార్లు చూసి నేను ఎందుకూ పనికిరాననే బాధ పట్టుకుంది, దాన్ని ఎలా వదిలించుకోవాలి? డాక్టరు దగ్గరికి వెళ్లేంత సమస్యా కాదా అన్నదీ తెలియడం లేదు. మీ అనుభవాలు చెప్పండి.

బొబ్బిలి పెద్దమ్మ
మిగతా సంగతులు నాకు తెలియవు తల్లీ. చివర తినడాన్ని కష్టంగా చెప్పావు, అది మాత్రం నచ్చలేదు. ఇంటిల్లిపాదికీ వడ్డించి, ఎవరికి ఏది ఇష్టమో చూసి పెట్టి, ఆఖరున కూర్చునే ఇల్లాలికి ఉండే గౌరవం వేరు. మా అత్తగారు అలాగే చేశారు, నేనూ అలాగే చేశాను. మా ఇంట్లో నన్ను ఎవరూ చిన్నచూపు చూడలేదు. ప్రతిదానికీ లెక్క వేసుకుంటే మనసు పాడవుతుంది.

రక్తపరీక్ష (విజయనగరం)
పెద్దమ్మగారూ, గౌరవం తరువాత చూద్దాం. ఆఖరున కూర్చున్నవారి గిన్నెలో ఏం మిగులుతుంది? చారు, అడుగున మాడిన అన్నం. గుడ్డు, పప్పు, కూరలో ముక్కలు ముందే అయిపోతాయి. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ ల్యాబులోనే ఉన్నాను, కింది కనురెప్ప లాగి చూస్తే రిపోర్టు రాకముందే రక్తం తగ్గిందని నాకు తెలిసిపోతుంది. గర్భవతి కాని ఆడవారికి హిమోగ్లోబిన్ డెసిలీటరుకు 12 గ్రాముల కంటే తగ్గితే అది రక్తహీనతే. ఎనిమిది, తొమ్మిది గ్రాములతో ఇంటెడు చాకిరీ చేస్తూ, తాము బద్ధకస్తులమని తమను తామే తిట్టుకునేవాళ్లను రోజూ చూస్తున్నాను. థైరాయిడ్ మందగించినా, బి12 తగ్గినా ఇదే నీరసం, ఇదే దిగులు. నాగావళి గట్టు గారూ, ముందు ఈ మూడు పరీక్షలు చేయించుకోండి. భోజనం చేసిన వెంటనే టీ తాగకండి, తిండిలోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు. తనకు మాలిన ధర్మం మొదలు చెడ్డ బేరం అన్నది కూడా పెద్దలే.

బొబ్బిలి పెద్దమ్మ
నా కంచంలో ఏముందో నీకెలా తెలుసు బాబూ? పొద్దున్నే చోడి అంబలి తాగి పొలానికి వెళ్లినదాన్ని. నాకు ఏ రక్తమూ తగ్గలేదు. పెట్టడంలోని తృప్తిని రిపోర్టులతో కొలవకండి.

జీడితోట (పలాస)
పెద్దమ్మగారూ, మీ ఇంట్లో గరిటె మీ చేతిలో ఉంది, మాట కూడా మీదే చెల్లింది. మాట చెల్లనివారు చివర తినడం వేరు. మాకు సొంత తోట ఉండేది. 2018 అక్టోబరు 11న తెల్లవారుజామున తిత్లీ తుపాను వచ్చినప్పుడు జీడి చెట్లూ కొబ్బరి చెట్లూ కూలిపోయాయి. అప్పటి నుంచి ఇంకొకరి దగ్గర పిక్కలు కొడుతున్నాను. మొదట్లో దారిలో తెలిసినవారు కనబడితే తల దించుకునేదాన్ని. ఇప్పుడు దించుకోను. కూలి డబ్బు నా పేరున ఉన్న ఖాతాలో పడుతుంది, డ్వాక్రా పొదుపు నేనే కడతాను, కోడి గుడ్డు ఉడికించిన రోజు నాకూ ఒకటి తీసి పెట్టుకుంటాను. అడిగి పెట్టించుకోవడం కాదు, తీసి పెట్టుకోవడం. జీడి నూనెకు నా చేతులు నల్లగా పొక్కిపోయి ఉంటాయి. పెళ్లిళ్లలో వాటిని కొంగు కింద దాచుకోవడం కూడా మానేశాను.

రక్తపరీక్ష (విజయనగరం)
ఇది వినండి పెద్దమ్మగారూ. మా ఇంట్లో గిన్నెలన్నీ మధ్యలో పెట్టుకుని అందరం ఒకేసారి కూర్చుంటాం. ఎవరూ చివర లేరు, ఎవరి గౌరవమూ పోలేదు.

బొబ్బిలి పెద్దమ్మ
మీ ఇంటి పద్ధతి మీది. నా మొహాన కొట్టకండి.

చీపురుపల్లి వాడు (చెన్నైలో)
తిండి గొడవ ఆపితే నేనొక మాట చెబుతాను. చేబదుళ్ల గురించి ఆమె అడిగింది, ఎవరూ జవాబు చెప్పలేదు. నేను భవన నిర్మాణ పనిలో ఉన్నాను. దసరా తరువాతి మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవం చూడటానికి తప్పకుండా వస్తాను. బస్సు దిగగానే అప్పు అడిగేవాళ్లు మొదలవుతారు. సంపాదించే మగవాడికి అలసట ఉంటుందని, ఒంటరితనం ఉంటుందని ఎవరూ అనుకోరు. నేను చేసేది ఇది: ఏడాదికి ఇంత అని పక్కన పెడతాను. అందులోంచి ఇచ్చినది తిరిగి వస్తుందని ఆశించను. అది అయిపోతే "ఈ ఏడాదికి అయిపోయింది" అంటాను. కారణాలు చెప్పను. కారణం చెబితే వాళ్లు దానికి పరిష్కారం చెబుతారు, మళ్లీ మొదటికి వస్తుంది. ఇద్దరు ముగ్గురు మాట్లాడటం మానేశారు, నాకు నిద్ర పడుతోంది.

కొత్తవలస లారీ
నిద్ర అంటే గుర్తొచ్చింది. ఒళ్లు నొప్పులతో మనసు ఎలా బాగుంటుంది? రోజంతా బండి నడిపి వచ్చాక రాత్రి ఒక నొప్పి మాత్ర వేసుకుంటాను, తెల్లవారే దాకా మెలకువ రాదు. అక్కయ్యగారు కూడా అదే చేస్తే సగం దిగులు పోతుంది.

ఉద్దానం (కవిటి)
దయచేసి ఈ సలహా ఇవ్వకండి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి మాత్రలు అలవాటుగా మింగితే మూత్రపిండాలు దెబ్బతింటాయి. మా కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం వైపు ఇంటింటా కిడ్నీ జబ్బే, దాని మూలకారణం ఇప్పటికీ తేలలేదు. మా అన్నయ్యకు డయాలసిస్ జరుగుతోంది. ఒక్కో విడతకు నాలుగు గంటలు. పలాసలో 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబరులో తెరిచారు కాబట్టి దూరం తగ్గింది, కానీ తీసుకెళ్లేది, కూర్చునేది, తీసుకొచ్చేది మనిషే కదా. అన్నయ్య ఎలా ఉన్నాడని అందరూ అడుగుతారు. నువ్వు తిన్నావా అని నన్ను ఎవరూ అడగరు. అడగాలని అనుకోవడం కూడా తప్పేమో అనిపించేది. ఇప్పుడు అన్నయ్యకు సూది పెట్టగానే బయటికి వచ్చి, టిఫిను తిని, కాసేపు నడిచి వస్తాను. అక్కడే కూర్చున్నా ఆయన రక్తం నేను శుభ్రం చేయలేను.

కొత్తవలస లారీ
మీ ఇంటి కష్టానికి నేను కారణమా? ఒంటి నొప్పి నాది. ఒక్కరోజు నా సీట్లో కూర్చుని మాట్లాడండి.

ఉద్దానం (కవిటి)
మీ నొప్పిని కాదనలేదు. మా వాళ్ల పక్కన ఇంకో మంచం పడకూడదనే చెబుతున్నాను. ముందు మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చేయించుకోండి, తరువాత నా మీద కోప్పడండి.

కొండవెలగాడ బరువు
ఎవరూ వ్యాయామం ఊసే ఎత్తలేదు! మా నెల్లిమర్ల మండలంలో ఆడపిల్లలు బరువులు ఎత్తుతారు. తన బరువుకు మించినది తల మీదికి లేపిన పిల్ల వీధిలో నడిచే తీరే మారిపోతుంది. కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్ బరువులెత్తే పోటీలో కాంస్యం తెచ్చాక మా ఇళ్లలో ఆడపిల్లలను వ్యాయామశాలకు పంపడం సులువైంది. ఉత్తరాంధ్ర అంటే వలస కూలీలని మాత్రమే అనేవాళ్లకు ఈ మాట గట్టిగా చెప్పాలి. పెద్దవాళ్లకైతే వారానికి 150 నిమిషాల చురుకైన నడక చాలు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

చీపురుపల్లి వాడు (చెన్నైలో)
మల్లీశ్వరి పెరిగింది ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటలో. అది శ్రీకాకుళం జిల్లా, మీ నెల్లిమర్ల కాదు.

కొండవెలగాడ బరువు
మాది అని ఎక్కడ అన్నాను? రెండు జిల్లాలకూ గర్వకారణమే. బడిలో నిలబడి పాఠం చెప్పే మనిషికి సాయంత్రం అరగంట నడక చాలు, అది చెప్పనివ్వండి.

టెక్కలి నర్సు
అందరూ దాటేసిన ప్రశ్నకు వస్తున్నాను. రెండు వారాలకు పైగా దిగులు, దేని మీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర తారుమారు కావడం, ఎందుకూ పనికిరానన్న ఆలోచన ఉంటే డాక్టరుకు చూపించుకోవలసిందే. ముందు మాట్లాడి చూద్దాం అనుకుంటే 14416కు ఫోను చేయండి. టెలి మానస్ అంటారు, 2022 అక్టోబరు 10న మొదలైంది. ఉచితం, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడవచ్చు. చచ్చిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా రేపటికి వాయిదా వేయకండి. దిగులుకు ఇచ్చే మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. నాలుగు రోజులు వేసుకుని గుణం లేదని మానేసేవాళ్లు చాలామంది, అలా మానకూడదు. నిద్రమాత్రలూ ఇవీ ఒకటి కావు.

నాగావళి గట్టు (శ్రీకాకుళం)
వెళితే బడి యాజమాన్యానికి తెలుస్తుందా? పిచ్చి అని ముద్ర వేస్తారేమోనని భయం.

టెక్కలి నర్సు
మీరు చెబితే తప్ప తెలియకూడదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షను ప్రకారం మీ వివరాలు గోప్యంగా ఉంచడం వైద్యుల బాధ్యత. జ్వరానికి వెళ్లినట్టే చీటీ రాయించుకుని వెళ్లండి.

బొబ్బిలి పెద్దమ్మ
నేను అన్నది తిండి గురించే తల్లీ, వైద్యం వద్దని కాదు. వెళ్లు. తోడు ఎవరూ లేకపోతే అత్తగారినే తీసుకెళ్లు, ఆమె మందులు నువ్వు చూస్తున్నావు కదా. జీడితోట అమ్మాయీ, చేతులకు పనికి ముందే ఆముదం పట్టించు, జీడి నూనె అంతగా అంటదు.

జీడితోట (పలాస)
ఆముదం రాస్తూనే ఉన్నాం పెద్దమ్మగారూ. చేతి తొడుగులు ఇమ్మని అడుగుతున్నాం, ఇంకా ఇవ్వలేదు. అందరం కలిసి మళ్లీ అడుగుతాం.

నాగావళి గట్టు (శ్రీకాకుళం)
ఈరోజు రక్తం ఇచ్చి వచ్చాను. రిపోర్టు రేపు సాయంత్రం ఇస్తారు. హిమోగ్లోబిన్ కాక ఇంకేం చూడాలి?

రక్తపరీక్ష (విజయనగరం)
ఎంసీవీ అని ఉంటుంది, అంటే ఎర్ర రక్తకణాల సగటు పరిమాణం, అది చూడండి. 80 కంటే తక్కువ ఉంటే ఎక్కువగా ఇనుము లోపమే అవుతుంది, 100 దాటితే బి12 వైపు అనుమానించాలి. తేల్చేది మాత్రం డాక్టరే. థైరాయిడ్ పరీక్షలోని టీఎస్‌హెచ్ విలువ కూడా ఇక్కడ రాయండి. రిపోర్టు ఫొటో పెట్టేటట్టయితే మీ పేరు, ఫోను నంబరు కనబడకుండా కొట్టేసి పెట్టండి.