ప్లేట్ టెస్ట్ లెక్కతో 2.5 మి.మీ., ఎలాస్టిక్ సూత్రంతో 15 మి.మీ. కుంగుబాటు: ఏది తీసుకోవాలి?

ప్రశ్న

2 మీ. × 2 మీ. ఫుటింగ్ (స్తంభం కింది పునాది దిమ్మె), లోతు 1.5 మీ., అడుగున ఒత్తిడి 150 కిలోపాస్కల్. నేల ఇసుక, ఎస్‌పీటీ ఎన్ విలువ (బోరులో గొట్టాన్ని 30 సెం.మీ. దించడానికి పట్టే సుత్తి దెబ్బల సంఖ్య) సగటున 15. సాయిల్ రిపోర్ట్‌లో 300 మి.మీ. ప్లేట్ టెస్ట్ (ఇనుప పలకపై బరువు పెట్టి కుంగుబాటు కొలిచే పరీక్ష) నుంచి సబ్‌గ్రేడ్ మాడ్యులస్ (ఒత్తిడిని కుంగుబాటుతో భాగిస్తే వచ్చేది) ఘనమీటరుకు 60,000 కిలోన్యూటన్లు అని ఇచ్చారు. 150ని దానితో భాగిస్తే 2.5 మి.మీ. వస్తోంది, ఎలాస్టిక్ సూత్రంతో 15. ఇంత తేడా ఎందుకండీ? స్టాడ్ (భవనాల డిజైన్ సాఫ్ట్‌వేర్)లో నేల బదులు పెట్టే స్ప్రింగ్‌కి ఏ సబ్‌గ్రేడ్ మాడ్యులస్ ఇవ్వాలి?

జవాబు 1

2.5ని వదిలేయండి. సబ్‌గ్రేడ్ మాడ్యులస్ నేల గుణం కాదు, లోడు పెట్టిన సైజును బట్టి మారిపోతుంది. 300 మి.మీ. ప్లేటు ఒత్తిడి 60 సెం.మీ. లోతు దాటాక దాదాపు ఉండదు. మీ ఫుటింగ్ ఒత్తిడి 4 మీటర్ల దాకా దిగుతుంది. ప్లేట్ టెస్ట్‌పై భారతీయ ప్రమాణం ఐఎస్ 1888లో ఇసుకకు ఉన్న సర్దుబాటు ప్రకారం [2 × 0.6 ÷ (0.3 × 2.3)] వర్గం = 3.02. అంటే 7.6 మి.మీ. బంకమన్నయితే వెడల్పుల నిష్పత్తే, 6.7 రెట్లు.

జవాబు 2

మీ 15 ఎలా వచ్చిందో చూడండి. ఎన్ విలువ నుంచి యంగ్స్ మాడ్యులస్ (నేల గట్టిదనం) 500 × (15 + 15) = 15,000 కిలోపాస్కల్. పాయిసన్ నిష్పత్తి (నొక్కితే నేల పక్కకు ఎంత ఉబ్బుతుందో చెప్పేది) 0.3; 1 − 0.3 వర్గం = 0.91. కుంగుబాటు 150 × 2 × 0.91 × 0.82 ÷ 15,000 = 0.0149 మీ. దృఢమైన చదరపు ఫుటింగ్ కాబట్టి ఆకార గుణకం 0.82 సరైనదే.

రెండు సవరణలు. తవ్వి తీసిన మట్టి బరువు 1.5 × 18 = 27 కిలోపాస్కల్ తీసేయాలి; 123తో 12 మి.మీ. వస్తుంది. కానీ ఇసుక నీళ్లలో ఉంటే 500 బదులు 250 వాడతారు, అప్పుడు 24. ఎక్కువమంది తప్పేది ఇక్కడే: ఎండాకాలంలో బోరు వేసి, ఆ నీటిమట్టాన్నే ఏడాదంతా ఉంటుందనుకుంటారు.

స్ప్రింగ్‌కి 15,000 ÷ (2 × 0.91 × 0.82), అంటే సుమారు 10,000 ఇవ్వండి. నీళ్లుంటే 5,000. 60,000 మాత్రం ఇవ్వకండి. బోరు ఎంత లోతు వేశారు?

ప్రశ్న అడిగినవారు

4 మీ. దగ్గర ఆపారండీ. నీళ్లు 2 మీ. లోతులో. చివరి శాంపిల్‌లో నల్లటి మెత్తటి బంకమన్ను అని రాశారు.

జవాబు 3

అలాగైతే లెక్క ఇంకా పూర్తి కాలేదు. ఫుటింగ్ అడుగు నుంచి కనీసం 4 మీ., అంటే నేల మీద నుంచి 5.5 మీ. దాకా బోరు ఉండాలి. అడుగున బంకమన్ను కనబడ్డాక దాన్ని పూర్తిగా దాటేదాకా ఆపకూడదు. గోదావరి డెల్టాలాంటి చోట్ల ఇసుక కింద ఇలాంటి పొర మామూలే.

ఆ పొర 4 మీ. దగ్గర మొదలై 2 మీ. మందం ఉందనుకోండి. దాని మధ్య ఫుటింగ్‌కి 3.5 మీ. కింద ఉంటుంది. 2:1 పద్ధతిలో (లోతు ఎంత పెరిగితే ఒత్తిడి పరుచుకునే వెడల్పూ అంత పెరుగుతుంది, ఇక్కడ 5.5 × 5.5 = 30.25) అక్కడ పెరిగే ఒత్తిడి 123 × 4 ÷ 30.25 = 16 కిలోపాస్కల్. కంప్రెసిబిలిటీ గుణకం (ఒక్కో కిలోపాస్కల్‌కి పొర మందంలో ఎంత వంతు నలుగుతుందో) 0.0005 అయితే 0.0005 × 16 × 2 = 16 మి.మీ., అదీ నెలల తరబడి కుంగుతూ. 24తో కలిపితే 40.

పునాదుల ప్రమాణం ఐఎస్ 1904 ఇసుకకు 50 మి.మీ. ఒప్పుకుంటుంది కాబట్టి ఇది చెల్లుతుందనిపిస్తుంది. ఇబ్బంది ఫుటింగ్‌ల మధ్య తేడాతో వస్తుంది. 4 మీ. దూరంలోని రెండు స్తంభాల మధ్య 0.0015 × 4000 = 6 మి.మీ. మించకూడదు. పక్క ఫుటింగ్ కింద బంకమన్ను లేకపోతే ఒక్క ఆ పొర వల్లే 16 మి.మీ. తేడా వస్తుంది. ఇంకో రెండు బోర్లు వేయించి, కదలని శాంపిల్‌తో కన్సాలిడేషన్ టెస్ట్ (బరువు కింద బంకమన్ను ఎంత, ఎంత కాలంలో కుంగుతుందో కొలిచే పరీక్ష) చేయించాకే ఫుటింగ్ సైజు ఖాయం చేయండి.