కొలీగ్ ఇంట్ల 3 నెలలు ఉండాలె, కిరాయి ఎంత ఇస్తే న్యాయం?

ప్రశ్న:
అన్నలకు అక్కలకు నమస్తే. మాది మంచిర్యాల. కంపెనీ వాళ్లు నన్ను ఏప్రిల్ నుంచి జూన్ ఆఖరి దాకా హన్మకొండ బ్రాంచికి వేసిండ్రు. ఇక్కడ మాతోటి పనిచేసే సార్ గోపాలపూర్ దిక్కు డబుల్ బెడ్రూం ఇల్లు కిరాయికి తీస్కొని ఉంటున్నడు, ఆయన, మేడం, ఆరో తరగతి బాబు. ఒక రూం ఖాళీగనే ఉంది, బయట ఎందుకు వెతుకుతవ్ మా ఇంట్లనే ఉండు అన్నడు. ఎంత ఇయ్యాలె సార్ అంటే నీకు తోచింది ఇయ్యి, నువ్వేమన్న పరాయోనివా అంటున్నడు. ఇల్లు కిరాయి 12,000, కరెంటు బిల్లు వేరే. నయీంనగర్ల హాస్టల్ అడిగితే తిండితోటి 6,500 చెప్పిండ్రు, రూముకు ముగ్గురు. సార్ వాళ్లింట్ల పొద్దున రాత్రి తింట, శనివారం సాయంత్రం కాజీపేటల రైలెక్కి ఊరికి పోయి సోమవారం పొద్దున వస్త. తక్కువ ఇస్తే వాళ్ల మీద పడి తిన్నట్టు అయితది, ఎక్కువ ఇస్తే ఆయన తీస్కోడు. ఎట్ల లెక్క కట్టాలె చెప్పుండ్రి.

జవాబు, కాజీపేట నుంచి:
రెండు రూములు, ఒకటి నీది. సగం ఇచ్చెయ్యి, 6,000. అయిపాయె.

జవాబు, హంటర్ రోడ్ నుంచి:
సగం ఎట్ల అయితది అన్నా, హాల్ల టీవీ వాళ్లది, ఫ్రిజ్ వాళ్లది, బాల్కనీల బట్టలు వాళ్లయి, ఈ తమ్మి పండుకునేది ఒక్క రూంల. అట్లని మనిషికింత అని నలుగురికి పంచి 3,000 ఇస్తే గూడ సరిగ్గ లేదు, ఎందుకంటే వాళ్లు ముగ్గురు ఒక రూంల సర్దుకుంటున్నరు, నీకు ఒక్కనికే రూం. నేనైతే గిట్ల చేస్త. కిరాయిల సగం పండుకునే రూములకు, సగం అందరు వాడే హాలు, వంటిల్లు, బాత్రూంలకు అనుకో. రూముల కింద 6,000 వచ్చింది కదా, వాళ్లది అటాచ్డ్ బాత్రూం ఉన్న పెద్ద రూం అయితే దానికి 3,500, నీ దానికి 2,500. మిగిలిన 6,000 నలుగురికి పంచితే నీ వంతు 1,500. మొత్తం 4,000. ఇది తిండి, కరెంటు లేకుండ. రూం మరీ చిన్నగుంటే, లేదంటే వాళ్ల బీరువా నీ రూంల ఉండి మాటిమాటికి వచ్చి పోవుడు ఉంటే ఒక 500 తగ్గించు, తప్పు లేదు.

ఇంకో మాట. సార్ నువ్వు రాకముందు గూడ 12,000 కడుతనే ఉన్నడు, నువ్వు వస్తే ఆయనకు కొత్తగ పెరిగే ఖర్చు తక్కువనే. కాని ఖర్చు ఒక్కటే చూడొద్దు, వేసవి సెలవుల చుట్టాలొస్తే పండుకునే రూం వదులుకున్నడు, ఇంట్ల మనసొప్పినట్టు తిరిగే వీలు వదులుకున్నడు. అందుకే ఆయనకు పెరిగే ఖర్చుకు పైన, నీకు బయట పడే ఖర్చుకు కింద ఎక్కడన్న ఒక అంకె కుదరాలె. 4,000 ఆ నడిమిట్లనే ఉంటది.

ఇక తోచింది ఇయ్యి అన్నోడు ఎప్పటికి అంకె చెప్పడు తమ్మీ. నువ్వే చెప్పాలె, అదిగూడ సామాను దించకముందే. ఒక నెల గడిచినంక చెప్తే ఇద్దరికి మొహమాటమే. సార్, రూముకు 4,000, తిండికి వేరే, కరెంటు పెరిగినంత నాది, జూన్ 30 కు ఖాళీ చేస్త అని ఒక్కసారి మంచిగ చెప్పి వాట్సాప్ల గూడ పెట్టు. వద్దు వద్దు అంటడు, రెండుసార్లు అననీ, మూడోసారి తీస్కుంటడు. నెల మొదట్లనే ఇయ్యి, అడ్వాన్స్ లాంటిది 3 నెలలకు అక్కర్లేదు.

ఆదివారాలు ఉండను కదా అని కిరాయిల కోత అడగకు. నువ్వు లేకున్నా నీ సామాను ఆ రూంలనే ఉంటది, వేరేటోళ్లు వాడుకోలేరు. తిండిల మాత్రం ఆ రోజులు తీసెయ్యొచ్చు.

జవాబు, సుబేదారి నుంచి:
తమ్ముడూ, అందరు సార్‌ను అడుగు సార్‌ను అడుగు అంటున్నరు, మేడంను అడిగినవా? రోజు పొద్దుగాల లేచి ఇంకో మనిషికి వండేది ఆమె. ఆమెకు నిజంగ ఇష్టమేనా కాదా అన్నది ముందు తెలుసుకో, సార్ లేనప్పుడు కాదు, ఇద్దరు ఉన్నప్పుడే అడుగు. టిఫిన్ బయట చేస్త అక్కా, రాత్రి అన్నం ఒక్కటి చాలు అంటే ఆమెకు ఎంత బరువు తగ్గుతదో మీకు తెల్వదు.

తిండి లెక్క అంటే బియ్యం, కూరగాయలు, పాలు, నూనె, గ్యాస్ నెలకు ఎంతయితయో వాళ్లను అడుగు, నీ వంతు తీయి, దాని మీద ఇంకొంత వెయ్యి, ఎందుకంటే సామాను ధర ఒక్కటే వంట ఖర్చు కాదు, ఆమె పని గూడ ఉంది. రెండు పూటలు, వారానికి రోజున్నర లేకుండ అంటే 2,500 అయినా ఇయ్యాలె అని నా లెక్క. ఆ పైసలు మేడం చేతికే ఇయ్యి. ఇంటికాడ పొలం ఉంటే వచ్చేటప్పుడు ఒక 25 కిలోల బియ్యం సంచి తెచ్చియ్యి, మామిడికాయలు తెచ్చియ్యి, పచ్చళ్ల రోజులు కదా, వద్దనరు. అది కిరాయిల కలుపకు. నీ బట్టలు నువ్వే ఉతుక్కో, తిన్న కంచం నువ్వే కడుక్కో. జూన్ల బడి తెరిచినంక పొద్దున బాత్రూం ముందు బాబుకు వదిలిపెట్టు.

జవాబు, హన్మకొండ నుంచి:
కరెంటు సంగతి కొంచెం వివరంగ చెప్త, ఎందుకంటే ఎండాకాలం కొట్లాటలన్ని అక్కడనే వస్తయ్. బిల్లును నలుగురికి పంచొద్దు. 2022 ఏప్రిల్ల వచ్చిన రేట్ల ప్రకారం ఇంటి కరెంటు నెలకు 100 దాటి 200 యూనిట్ల లోపల ఉంటే మొదటి 100 కు యూనిట్ 3.40, తర్వాత 100 కు 4.80. 200 దాటిందంటే మొదటి యూనిట్ నుంచే 5.10 పడుతది, 200 పైన 300 దాకా 7.70. లెక్క చూడు, వాళ్లకు 190 యూనిట్లు కాలితే 772. నువ్వొచ్చినంక నీ రూంల కూలర్ నడిచి 260 అయితే 1,482. ఫిక్స్‌డ్ చార్జీలు గట్ల వేరే. పెరిగింది 70 యూనిట్లే గని పైసలు 710 పెరిగినయ్, అదే నలుగురికి పంచితే నువ్వు ఇచ్చేది 370 మాత్రమే. మిగిలింది సార్ జేబులకెళ్లి పోతది. అందుకే పోయిన ఏడాది ఇవే నెలల బిల్లులు తీయమని అడుగు, దాని మీద ఎంత పెరిగితే అంత నువ్వు కట్టు. దిగిన రోజు మీటర్ ఫోటో తీసి పెట్టుకో. వాళ్లు ఈ ఏడాదే ఏసీ కొంటే మాత్రం కూర్చొని మాట్లాడుకోవాలె.

ఇది చదివే వేరేటోళ్ల కోసం, ఎవరింట్లనైతే ఉంటున్నరో వాళ్లకు సర్కారు గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల దాకా సున్నా బిల్లు వస్తుంటే ఇంక జాగ్రత్తగుండాలె. 200 దాటితే ఆ నెల మొత్తం బిల్లు కట్టాలె. మీ వల్ల దాటితే ఆ బిల్లు మీదే.

జవాబు, భీమారం నుంచి:
ఓనర్‌కు చెప్పిండ్రా? చాలా అగ్రిమెంట్లల్ల వేరేటోళ్లకు కిరాయికి ఇయ్యొద్దని రాసి ఉంటది. సార్ తోటే ఫోన్ చేపియ్యి, మా ఆఫీసాయన 3 నెలలు ఉంటడు అని. ఎండాకాలం బోరు ఎండి ట్యాంకర్ తెప్పిస్తే దాంట్ల గూడ నీ వంతు ఇయ్యి.

అడిగినాయన:
అందరికి చాలా థ్యాంక్స్. నిన్న సార్, మేడం ఇద్దరు ఉన్నప్పుడే మాట్లాడిన. రూముకు 3,500 కు ఒప్పుకున్నరు, 4,000 అంటే అస్సలు తీస్కోలే. తిండికి 2,500, టిఫిన్ బయట. కరెంటు పెరిగినంత నాది. ఓనర్‌కు సార్ చెప్పిండు. ఒక్క డౌట్, నాకు జీతంల హెచ్ఆర్ఏ (ఇంటి కిరాయి కింద కంపెనీ ఇచ్చే పైసలు) వస్తది, సార్‌ను రసీదు అడగొచ్చా?

జవాబు, హంటర్ రోడ్ నుంచి:
నువ్వు కొత్త ట్యాక్స్ పద్ధతిల ఉంటే హెచ్ఆర్ఏ మినహాయింపే లేదు, రసీదు తోటి పని లేదు. పాత పద్ధతిల ఉంటే అడుగు, కాని రూం కిరాయి 3,500 కే, తిండి పైసలు దాంట్ల కలుపొద్దు. ఏడాది కిరాయి లక్ష దాటితేనే ఇంటాయన పాన్ నంబర్ కావాలె, నీది అంత కాదు. సార్ గూడ 12,000 మీద హెచ్ఆర్ఏ చూపిస్తుంటే నువ్విచ్చేది ఆయన రిటర్న్‌ల ఆదాయం కింద చూపెట్టాలె, ఆ సంగతి ఆయనకు ముందే చెప్పి అప్పుడు రసీదు అడుగు. పైసలు ఫోన్‌పే ల పంపి కిరాయి, ఏ నెలది అని రాయి.