పోక్సో శిక్ష ముగించుకుని ఊరికొచ్చే మనిషికి ముందే ఏం ప్లాన్ రాయాలి?

పారాలీగల్_కడప
కేసు ఇట్లాంటిది అనుకోండి. 43 ఏళ్ల మనిషి, పెళ్లయింది, పక్కింటి పాప విషయంలో పోక్సో శిక్ష. అంతకుముందు ఏ కేసూ లేదు. మూడు నెలల్లో విడుదల. ఊరు కర్నూలు జిల్లా కోసిగి దగ్గర. ప్రమాదం ఎంతుందో ఎట్ల అంచనా వేయాలి? కౌన్సెలింగ్‌లో అసలు ఏం చేయించాలి? ఊళ్ళో పెద్దమనుషులు "కోరిక తగ్గించే ఇంజెక్షన్ వేయిస్తే సరిపోదా" అంటున్నారు, వాళ్ళకేం చెప్పాలి?

నల్లరేగడి
ముందు పోక్సో ఫైళ్ళను విడగొట్టండి. లేచిపోయిన పదిహేడేళ్ల పిల్ల, ఇరవై ఏళ్ల పిల్లాడి కేసూ, మీరు చెప్పిందీ ఒకే సెక్షన్ల కింద ఉంటాయి. రెంటికీ ఒకే కౌన్సెలింగ్ పెట్టడం శుద్ధ దండగ.

మీ కేసుకి స్టాటిక్-99ఆర్ పద్ధతి చూడండి, మళ్ళీ లైంగిక నేరం చేసే ప్రమాదం ఎంతో మార్కులేసి చూసేది అది. 10 అంశాలు, అన్నీ పాత రికార్డులోంచి తీసేవే. వయసు 40 నుంచి 60 లోపు కాబట్టి మైనస్ 1. బాధితురాలు చుట్టం కాదు కాబట్టి ప్లస్ 1. ముక్కూమొహం తెలియని మనిషి కాదు, మగపిల్లాడు కాదు, పాత శిక్షలు లేవు, కాపురం చేసిన మనిషి: అన్నీ సున్నాలే. మొత్తం సున్నా, అంటే సగటు కన్నా తక్కువ ప్రమాదం. ఇది మచ్చుకి మాత్రమే, శిక్షణ లేకుండా ఎవరూ స్కోర్ వేయకూడదు. పైగా ఆ పద్ధతిని కెనడా, బ్రిటన్ ఖైదీల మీద కట్టారు. వాళ్ళ శాతాలు తెచ్చి మనోళ్ళకి అంటించొద్దు.

తక్కువ ప్రమాదం ఉన్నవాణ్ణి ముదుర్లతో కలిపి గ్రూపులో కూర్చోబెడితే చెడు నేర్చుకునే వస్తాడు. కౌన్సెలింగ్ అనేసరికి మంచి జరిగినట్టే అనుకోవద్దు. ఇంగ్లండ్ జైళ్ళలో ఏళ్ల తరబడి నడిపిన ప్రోగ్రామ్‌ని 2017లో ఆపేశారు. లెక్క తీస్తే అందులో చేరినవాళ్ళలో 10 శాతం, చేరనివాళ్ళలో 8 శాతం మళ్ళీ లైంగిక నేరం చేసినారు.

తుంగభద్ర_గట్టు
స్కోర్ సరే. ఊళ్ళో ఏం జరుగుతుందో చూడండి. సంక్రాంతి దాటితే కోసిగి, కౌతాళం నుంచి జనం గుంటూరు మిరపకోతలకి వలసపోతారు. చాలా ఇళ్ళల్లో పిల్లోళ్ళు అవ్వల దగ్గరే ఉంటారు. ఈయన ఊళ్ళో పనిలేకుండా ఉండకూడని నెలలు అవే. పోనీ వలసకే పంపుదామంటే, అక్కడ కుటుంబాలన్నీ పక్కపక్కన గుడిసెల్లో పడుకుంటాయి. అదింకా ప్రమాదం. బేతంచెర్ల పాలిష్ ఫ్యాక్టరీల్లో పని చూడొచ్చు గానీ, కార్మికుల కాపురాలు ఆవరణలోనే ఉంటాయేమో ముందు ఒకరు పోయి చూసి రావాల. పాత ఇంటికి మాత్రం పంపకండి. ఆ పాప పక్కింట్లోనే ఉండాది.

కౌన్సెలింగ్ అంటే నీతులు చెప్పడం కాదు. నేరం దాకా నడిచిన మెట్లు ఆయన చేతనే రాయించండి. ఉదాహరణకి: పని దొరకని రోజు, మధ్యాహ్నం మందు, ఫోన్లో వీడియోలు, అరుగు మీద ఒక్కడే కూర్చోవడం, పాపకి చాక్లెట్. గొలుసు తెగాల్సింది మొదటి రెండు కొక్కేల దగ్గరే. చాక్లెట్ దాకా వచ్చినాక ఆలస్యమైనట్టే. పని లేనప్పుడు ఎక్కడ ఉండాల, ఎవరికి ఫోన్ చేయాల అన్నది ప్రతి మెట్టుకీ ఎదురుగా రాయాల.

ఆ ఫోన్ ఎత్తేవాళ్ళు కావాల. కెనడాలో 1994లో మొదలైన పద్ధతి ఉంది: నలుగురైదుగురు వాలంటీర్లు ఒక మనిషిని పట్టించుకుంటారు, వారం వారం కలుస్తారు, తేడా కనిపిస్తే దాచరు. పెళ్ళాం ఒక్కదాని మీదే ఈ కాపలా పెడితే నిలబడదు. బయట పరువు కోసం ఆమె దాచిపెడుతుంది.

వార్డ్_నోట్స్
ఇంజెక్షన్ మాటకొస్తే, లైంగిక నేరాల చట్టాల్లో మార్పులు సూచించిన జస్టిస్ వర్మ కమిటీ 2013లో దాన్ని శిక్షగా ఒప్పుకోలేదు. వైద్యంగా అయితే సైకియాట్రిస్టు చూసి, మనిషి ఒప్పుకున్నాకే. కోరికలు అదుపు తప్పేవాళ్ళకి చాలావరకు ముందు ఎస్ఎస్ఆర్ఐ మాత్రలతో (డిప్రెషన్‌కి వాడే రకం) మొదలుపెడతారు. ఆ ఇంజెక్షన్ లాంటి హార్మోన్ మందులు ప్రమాదం ఎక్కువున్నవాళ్ళకే. వాటితో ఎముకలు గుల్లబారొచ్చు కాబట్టి పరీక్షలు చేయిస్తూ ఉండాలి. మందు ఆపితే కోరిక తిరిగొస్తుంది. మీరు చెప్పిన కేసుకి అంత దూరం పోనక్కర్లేదనే అనిపిస్తోంది.

ఇంకోటి, మొదటి రోజే ఆయనకి చెప్పేయండి: బయటపడని ఇంకో పిల్ల సంగతి నోట వచ్చిందంటే పోక్సో 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకి తెలపాల్సిందేనని. తెలపకపోతే 21 కింద ఆరు నెలల దాకా జైలు మనకే. ముందు చెప్పకుండా మధ్యలో ఫిర్యాదు చేస్తే ఆ మనిషి మళ్ళీ నోరు విప్పడు.

ఫొటో మాత్రం ఊరి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టనివ్వకండి. 2018లో వచ్చిన లైంగిక నేరస్తుల డేటాబేస్ కూడా పోలీసుల్లాంటి దర్యాప్తు వాళ్ళకే, జనానికి కాదు. పక్కింటి కేసులో ఆయన పేరు బయటపెడితే ఆ పాప ఎవరో చెప్పినట్టే.

పారాలీగల్_కడప
థాంక్స్ అన్నా. ఒక్క చిక్కు. "నేనేం చేయలేదు" అని మొండికేస్తే? ముందు ఒప్పించాలా?

నల్లరేగడి
వద్దు. పెద్ద అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, ఒప్పుకోకపోవడానికీ మళ్ళీ చేయడానికీ పెద్దగా లంకె దొరకలేదు. ఒప్పించడానికి ఆరు నెలలు తగలేస్తే మిరపకోతల సీజన్ నెత్తిమీదికొస్తుంది. "చేశావో లేదో పక్కనపెట్టు, మళ్ళీ నీమీద కేసు రాకూడదంటే ఈ వారం ఎక్కడ పడుకుంటావు, ఎవరితో పనికి పోతావు" అని అడగండి. దానికి చాలామంది జవాబిస్తారు.