డబ్బు మొత్తం కట్టి కొన్న ఫోన్‌కి కూడా క్యారియర్ తాళం ఎందుకు? మీరేమంటారు

తెనాలి_చందు

అందరికీ నమస్కారం. సంక్రాంతికి మా అక్క అమెరికా నుంచి వస్తూ నాన్నకి ఐఫోన్ తెచ్చింది. అక్కడ షాపులో ప్రీపెయిడ్ ఆఫర్‌లో బాగా తక్కువకి వచ్చిందంట, ఈఎంఐ ఏమీ లేదు, మొత్తం డబ్బు అక్కడే కట్టేసింది. ఇంటికొచ్చి నాన్న జియో సిమ్ వేస్తే సిమ్ నాట్ సపోర్టెడ్ అని వచ్చింది. అక్క ఆ ఫోన్ అమ్మిన క్యారియర్‌కి, అంటే అక్కడి సిమ్ కంపెనీకి, ఫోన్ చేసి గంట సేపు మాట్లాడితే, మా నెట్‌వర్క్‌లో ఏడాది పాటు వాడితేనే అన్‌లాక్ చేస్తాం, అది మా పాలసీ అన్నారు. నాన్నకి అరవై ఎనిమిదేళ్లు, ఆ ఫోన్ పట్టుకుని ఊళ్లో అందరికీ చూపిద్దామనుకున్నాడు, ఇప్పుడు ఇంట్లో వైఫై మీద యూట్యూబ్ చూసుకుంటున్నాడు అంతే. మనం పూర్తిగా డబ్బు కట్టి కొన్న వస్తువులో ఏ సిమ్ వెయ్యాలో, ఏ ఫీచర్ పనిచెయ్యాలో, ఏ యాప్ ఉండాలో కంపెనీ చెప్పడం న్యాయమేనా? దీంట్లో రెండో వైపు కూడా ఉందేమో, తెలిసినవాళ్లు చెప్పండి.

సిగ్నల్_మనిషి

చందూ, నాన్నగారి సంగతి విని బాధేసింది. కానీ రెండో వైపు ఉంది, నేను హైదరాబాద్‌లో టెలికాం టెస్టింగ్‌లో పద్దెనిమిదేళ్లుగా ఉన్నాను కాబట్టి ఆ వైపు నుంచి చెప్తాను. మీ అక్కకి ఆ ఫోన్ తక్కువకి ఎందుకొచ్చింది? యాపిల్ తగ్గించలేదు, క్యారియర్ తన జేబులోంచి వేసుకుంది. నెలనెలా రీచార్జ్ చేయిస్తారు, అలా ఆ డబ్బు వెనక్కి వస్తుంది అన్న లెక్క మీద. లాక్ లేకపోతే ఏమవుతుందంటే, డిస్కౌంట్ ఫోన్లు డజన్ల కొద్దీ కొని ఒక్క నెల కూడా వాడకుండా వేరే దేశాలకి పంపి అమ్ముకునేవాళ్లు ఉంటారు, ఇది నిజంగా జరిగే వ్యాపారమే. దాంతో ఆ ఆఫర్లే ఆగిపోతాయి, నష్టపోయేది అక్కడ తక్కువ ఆదాయంతో బతికే జనం.

మన దగ్గర చూడండి. 2017లో జియోఫోన్ వచ్చింది, 1500 రూపాయల డిపాజిట్, జియో సిమ్ తప్ప ఇంకోటి పనిచెయ్యదు. మా అమ్మ నల్గొండ దగ్గర పల్లెలో ఉంటుంది, ఆమె జీవితంలో మొదటిసారి ఇంటర్నెట్ చూసింది దాంట్లోనే. తాళం లేకుండా ఆ రేటుకి ఆ ఫోన్ ఎవరిస్తారు చెప్పండి?

వరంగల్_స్వాతి

సిగ్నల్ అన్నా, మీరు రెండు వేర్వేరు తాళాల్ని ఒకే తాళం అంటున్నారు, గొడవంతా అక్కడే ఉంది. ఒకటి బాకీ తాళం. ఫోన్ అప్పు మీద ఇచ్చారు, తీరేదాకా వేరే సిమ్ పనిచెయ్యదు. సరే, ఒప్పుకుంటా, బండి ఫైనాన్స్‌లో తీసుకుంటే ఆర్సీ మీద బ్యాంకు పేరు ఉండదా, అలాంటిదే. రెండోది ఫీచర్ తాళం. దానికి బాకీతో సంబంధమే లేదు, ఫోన్‌లో ఉన్న పనితనాన్ని చంపేసి అదే పనిని మళ్లీ మనకి డబ్బుకి అమ్మడం. బ్యాంకు వాడు అప్పు తీరేదాకా ఆర్సీ పెట్టుకుంటాడు గానీ బండి హెడ్‌లైట్ పీకేసి నెలకి ఇంత కడితే వెలిగిస్తా అనడు కదా.

నేను న్యూజెర్సీ వచ్చి ఇరవై ఏళ్లవుతోంది, ఇదంతా దగ్గర్నుంచి చూశాను. 2004లో ఇక్కడి పెద్ద క్యారియర్ వెరైజన్ మోటరోలా వీ710 అని ఒక ఫోన్ అమ్మింది, బ్లూటూత్ ఉందని ప్రచారం. కొన్నాక చూస్తే హెడ్‌సెట్‌కి పనిచేస్తుంది గానీ ఫొటోలు కంప్యూటర్‌కి పంపే భాగం ఆపేసి ఉంది, పంపాలంటే వాళ్ల నెట్‌వర్క్ మీద డబ్బు కట్టి పంపాలి. ఆ చిప్ మోటరోలా పెట్టింది, కస్టమర్ దానికి డబ్బు కట్టాడు, మధ్యలో క్యారియర్ ఆపింది. కాలిఫోర్నియాలో జనం కలిసి కేసు వేస్తే చివరికి సెటిల్ చేసుకున్నారు. నా మొదటి ఫోన్‌ది కూడా ఇదే కథ, ఏ కంపెనీయో వదిలెయ్యండి, మా బాబు పుట్టినప్పటి ఫొటోలు దాంట్లో ఉండిపోయాయి, ఒక్కొక్కటి డబ్బులు పెట్టి మెసేజ్‌లో పంపుకున్నాను, కొన్ని పంపకముందే ఫోన్ పాడైపోయింది. అందుకే ఈ విషయంలో నాకు కోపం తగ్గదు.

తర్వాత స్మార్ట్‌ఫోన్లు వచ్చాక కూడా అంతే. ఇంకో పెద్ద క్యారియర్ ఏటీ అండ్ టీ మొదట్లో అమ్మిన ఆండ్రాయిడ్ ఫోన్లలో అన్‌నోన్ సోర్సెస్ అన్న సెట్టింగే తీసేశారు, అంటే గూగుల్ యాప్ స్టోర్ అయిన ఆండ్రాయిడ్ మార్కెట్ బయట నుంచి ఏ యాప్ కూడా వేసుకోలేం. 2011లో అమెజాన్ సొంత యాప్ స్టోర్ తెచ్చాక జనం గోల చేస్తే అప్పుడు వదిలారు. అదే ఏడాది చివర గెలాక్సీ నెక్సస్ అనే ఫోన్ వచ్చింది, దాంట్లో ఫోన్ తాకించి డబ్బు చెల్లించే ఎన్ఎఫ్‌సీ చిప్ ఉంది, దానికి గూగుల్ వాలెట్ యాప్ సిద్ధంగా ఉంది, వెరైజన్ మాత్రం తన ఫోన్లలో వద్దంది. సెక్యూరిటీ కారణాలు చెప్పింది. కానీ అప్పటికే వెరైజన్, ఏటీ అండ్ టీ, టీ-మొబైల్ మూడూ కలిసి సొంత వాలెట్ కంపెనీ ఒకటి పెట్టుకుని ఉన్నాయి. ఆ వాలెట్‌ని జనం పట్టించుకోలేదు, 2015లో దాని టెక్నాలజీని గూగులే కొనేసింది. ఇంతకీ నాలుగేళ్లు జనానికి ఏం ఒరిగింది?

సిగ్నల్_మనిషి

స్వాతి గారూ బ్లూటూత్ సంగతి నేను సమర్థించను, అది తప్పే. కానీ అన్నీ డబ్బాశే అనకండి. టవర్ దగ్గర స్పెక్ట్రమ్, అంటే సిగ్నల్ పోయే రేడియో తరంగాలు, అందరూ పంచుకునేది, పొలానికి కాలవ నీళ్లు వచ్చినట్టు, పైనున్న రైతు మొత్తం మళ్లించుకుంటే కింద మడికి రావు. ఐఫోన్ వచ్చిన కొత్తలో న్యూయార్క్, శాన్‌ఫ్రాన్సిస్కోలో ఏటీ అండ్ టీ కాల్స్ ఎలా కట్ అయ్యేవో అక్కడున్న మీకే తెలియాలి. అన్‌లిమిటెడ్ ప్లాన్ తీసుకుని ల్యాప్‌టాప్‌కి హాట్‌స్పాట్ పెట్టి రాత్రంతా డౌన్‌లోడ్ చేస్తే పక్కవాడి కాల్ దెబ్బతింటుంది. దాన్ని అదుపు చేయకుండా నెట్‌వర్క్ నడపలేం, ఇది కుర్చీలో కూర్చుని చెప్పే మాట కాదు, రాత్రి రెండింటికి అలారాలు చూసినవాడిగా చెప్తున్నా.

వరంగల్_స్వాతి

కాలవ పోలిక బాగుంది అన్నా, అందులోంచే జవాబు చెప్తా. నీళ్లు కొలిచి ఇవ్వండి, ఎంత వాడితే అంత తీసుకోండి. ఆ నీళ్లు వరికి పెట్టావా మిరపకి పెట్టావా అని అడిగి మిరపకైతే ఇంకో ఇరవై డాలర్లు అంటే ఎలా? నెలకి 2 జీబీ కొన్నాక అది ఫోన్‌లో వాడినా ల్యాప్‌టాప్‌లో వాడినా 2 జీబీయే కదా. హాట్‌స్పాట్‌కి వేరేగా 20 డాలర్లు గుంజేవాళ్లు, ఆ డబ్బు కట్టకుండా టెథరింగ్, అంటే ఫోన్ నెట్ ల్యాప్‌టాప్‌కి ఇవ్వడం, చేసే యాప్‌లు ఆండ్రాయిడ్ మార్కెట్‌లో వస్తే 2011లో వెరైజన్ గూగుల్‌ని అడిగి తన కస్టమర్లకి కనపడకుండా చేయించింది. వెరైజన్ 2008లో 700 మెగాహెర్ట్జ్ వేలంలో సీ బ్లాక్ స్పెక్ట్రమ్ 470 కోట్ల డాలర్ల పైన పెట్టి కొన్నప్పుడు, ఈ బ్యాండ్ మీద కస్టమర్ ఏ ఫోన్ వాడినా ఏ యాప్ వాడినా అడ్డుకోను అన్న షరతుకి ఒప్పుకునే కొంది. ఫ్రీ ప్రెస్ అనే సంస్థ ఫిర్యాదు చేసింది, 2012 జూలైలో వెరైజన్ వాళ్లు ఇక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ దగ్గర 12.5 లక్షల డాలర్లు కట్టి సెటిల్ చేసుకున్నారు, జీబీ లెక్కన కొనే ప్లాన్ల వాళ్లకి ఆ అదనపు చార్జీ లేకుండానే టెథరింగ్ చేసుకునే వీలు వచ్చింది. అది జరిగాక నెట్‌వర్క్ ఏమీ కూలిపోలేదు.

ఆ సెటిల్‌మెంట్ జరిగి నెల తిరగకముందే ఏటీ అండ్ టీ ఐఫోన్ వీడియో కాల్ యాప్ ఫేస్‌టైమ్ మీద పడింది. మొబైల్ డేటా మీద ఫేస్‌టైమ్ కావాలంటే కొత్త షేర్డ్ ప్లాన్‌కి మారాల్సిందే అని. అదే డేటా, అదే ఫోన్, వీడియో కాల్‌కి మాత్రం ప్లాన్ మారాలి. మూడు నెలల్లో వెనక్కి తగ్గారు.

డెంటన్_విద్యార్థి

అక్కా, అన్నా, మధ్యలో వస్తున్నా. మీరు పాత కథలు చెప్తున్నారు గానీ ఇది ఇప్పటికీ నడుస్తోంది, పద్ధతి మారిందంతే. మా సీనియర్ ఒకతను 2021లో అమీర్‌పేటలో కొన్న ఫోన్‌తో ఇక్కడికి, అమెరికాకి, వచ్చాడు, బాగానే వాడుకున్నాడు. 2022 ఫిబ్రవరి 22న ఏటీ అండ్ టీ 3జీ ఆపేసింది, కాల్స్ అన్నీ వోల్ట్ (VoLTE, అంటే 4జీ మీద వెళ్లే కాల్) మీదే వెళ్లాలి, వాళ్లు ఒప్పుకున్న మోడల్స్ లిస్ట్ ఒకటి పెట్టారు, ఆ లిస్ట్‌లో లేకపోతే ఫోన్‌లో వోల్ట్ ఉన్నా వాళ్ల దగ్గర పనికిరాదు. ఇండియాలో అమ్మే చాలా మోడల్స్ అందులో లేవు. సిమ్ లాక్ లేదు, బాకీ లేదు, అయినా ఫోన్ పక్కన పెట్టేయాల్సి వచ్చింది. నాలుగు నెలల ఖర్చుకి దాచుకున్న డబ్బులోంచి కొత్తది కొన్నాడు. కొత్తగా వచ్చే పిల్లలకి చెప్పేది ఒకటే, హైదరాబాద్‌లో ఫోన్ కొని తెచ్చుకునే ముందు ఇక్కడ ఏ నెట్‌వర్క్ తీసుకుంటారో వాళ్ల లిస్ట్ చూసుకోండి.

సిగ్నల్_మనిషి

తమ్ముడూ, వోల్ట్ విషయంలో మాత్రం కాస్త ఓపిగ్గా విను. 3జీలో కాల్ అన్ని ఫోన్లలో ఒకేలా పోతుంది, వోల్ట్ అలా కాదు, ఒక్కో నెట్‌వర్క్‌లో ఒక్కో సెట్టింగ్, అక్కడి ఎమర్జెన్సీ నంబర్ 911కి కాల్ పోకపోతే మనిషి ప్రాణం మీదికొస్తుంది, అందుకే మోడల్ మోడల్‌కీ టెస్ట్ చేస్తాం. నేను అదే పని చేస్తాను. అయితే ఒకటి ఒప్పుకుంటాను, టెస్ట్ చెయ్యలేదు అనడానికీ పనిచెయ్యదు అనడానికీ తేడా ఉంది, చాలాసార్లు ఎవరూ టెస్ట్ ఖర్చు పెట్టుకోక ఆ మోడల్ లిస్ట్‌లో ఉండదు.

మామిడితోట

అమెరికా గోల అయిందా, మన దగ్గరిది నేను చెప్తా. నాది నూజివీడు, 2003లో రిలయన్స్ వాళ్లు 501 రూపాయలకే ఫోన్ అని ఇచ్చినప్పుడు మా వీధిలో మొదట తీసుకుంది మేమే. దాంట్లో సిమ్మే లేదు, నంబర్ ఫోన్‌లోనే రాసేసి ఉంటుంది, కంపెనీ మారాలంటే ఫోన్ పారెయ్యాలి. ఆటలు, క్రికెట్ స్కోరు అన్నీ ఆర్ వరల్డ్ అనే మెనూలోంచే, అంటే ఇప్పటి భాషలో అదే యాప్ స్టోర్, ఓనర్ క్యారియర్. ఆ తర్వాత అన్ని కంపెనీల్లోనూ కాలర్ ట్యూన్లు, జాతకాలు, జోకులు, మనం అడక్కుండానే యాక్టివేట్ అయ్యి బ్యాలెన్స్ కోసేసేవి. మా తాత బ్యాలెన్స్‌లో నెలకి 30 రూపాయలు ఏదో పాటలకి పోయేవి, ఆయనకి పాట పెట్టుకోవడం కాదు గదా మెసేజ్ తెరవడమే రాదు. 2013లో మన టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ రెండుసార్లు కన్ఫర్మ్ చేస్తేనే ఇలాంటివి ఆన్ చెయ్యాలి అని ఆర్డర్ ఇచ్చింది, 155223 నంబర్‌తో ఆపుకునే వీలు పెట్టింది. ఆ రోజులు చూసినవాళ్లకి ఆండ్రాయిడ్ వచ్చినప్పుడు ఊపిరి పీల్చుకున్నట్టే అయింది.

కానీ స్వాతి గారూ, క్యారియర్ చేతిలోంచి తాళంచెవి పోయి మన చేతికి రాలేదు, యాపిల్, గూగుల్ చేతికి పోయింది. స్పామ్ కాల్స్ మీద ఫిర్యాదు చేయడానికి ట్రాయ్ డీఎన్‌డీ (డు నాట్ డిస్టర్బ్) యాప్ చేస్తే యాపిల్ ప్రైవసీ అని స్టోర్‌లోకి రానివ్వలేదు, 2018లో ట్రాయ్ గట్టిగా రూల్ తెచ్చాకే ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 12లో కొంచెం దారి ఇచ్చారు. 2022 అక్టోబర్ 1న ఎయిర్‌టెల్ 5జీ మొదలైన ఎనిమిది నగరాల్లో హైదరాబాద్ ఉంది, కొత్త ఐఫోన్లు ఉన్నవాళ్లు డిసెంబర్‌లో ఐఓఎస్ 16.2 వచ్చేదాకా కూర్చున్నారు. ఫోన్‌లో 5జీ ఉంది, టవర్‌లో 5జీ ఉంది, మధ్యలో స్విచ్ ఇంకొకడి దగ్గర ఉంది. నా భయం ఇదే, క్యారియర్లని తిట్టి తిట్టి అసలు కాపలావాణ్ణి వదిలేస్తున్నాం.

వరంగల్_స్వాతి

మామిడితోట గారూ, మీ తాతగారి 30 రూపాయలూ నా ఫొటోలూ ఒక్కటే బాధ అండి. యాపిల్, గూగుల్ గురించి మీరన్నది నిజం, గూగుల్‌కి మన పోటీ నియంత్రణ సంస్థ సీసీఐ 2022లో 1337 కోట్ల పైన జరిమానా వేసింది కూడా. కానీ అది ఉంది కాబట్టి ఇది వదిలెయ్యాలి అంటే కుదరదు, చందు వాళ్ల నాన్న చేతిలో ఉన్న తాళం క్యారియర్‌దే.

సిగ్నల్ అన్న చెప్పిన సబ్సిడీ మాటకి కూడా జవాబు ఉంది. కెనడాలో 2017 డిసెంబర్ 1 నుంచి అమ్మే ప్రతి ఫోన్ అన్‌లాక్ చేసే అమ్మాలి. బ్రిటన్‌లో 2021 డిసెంబర్ నుంచి లాక్ చేసిన ఫోన్లు అమ్మకూడదు. రెండు చోట్లా క్యారియర్లు నడుస్తూనే ఉన్నాయి, ఫోన్లు ఇన్‌స్టాల్‌మెంట్లలో ఇస్తూనే ఉన్నారు. కట్టకపోతే కాంట్రాక్ట్ ఉంది, కోర్టు ఉంది. అమెరికాలో అయితే 2013 జనవరి 26 నుంచి కొత్తగా కొన్న ఫోన్‌ని క్యారియర్ అనుమతి లేకుండా మనమే అన్‌లాక్ చేసుకుంటే కాపీరైట్ చట్టం కింద తప్పు, ఆలోచించండి, సొంత ఫోన్! లక్షా పద్నాలుగు వేల మంది వైట్‌హౌస్‌కి పిటిషన్ పెడితే 2014 ఆగస్టు 1న ఒబామా సంతకంతో చట్టం మారింది. కానీ ఆ చట్టం తాళం మనం తీసుకోవచ్చంది గానీ కంపెనీ తీసి ఇవ్వాలి అనలేదు. ఆ ఒక్క లోపం దగ్గరే చందు వాళ్లక్క గంట సేపు ఫోన్ పట్టుకుని కూర్చోవాల్సి వచ్చింది.

సిగ్నల్_మనిషి

సరే స్వాతి గారూ, నేను ఎక్కడ నిలబడతానో చెప్తాను. ఫీచర్ ఆపడం, యాప్ దాచడం తప్పు, కొలిచి ఇవ్వాలన్న మీ మాట సరైనదే. బాకీ ఉంటే లాక్ ఉండొచ్చు, తీరిన రోజే అడక్కుండా దానంతట అదే పోవాలి. ప్రీపెయిడ్ డిస్కౌంట్ ఫోన్ల దగ్గర మాత్రం నేను మీతో కలవను, రెండు నెలలైనా ఉండాలి, లేకపోతే ఆ రేటు ఉండదు. ఎఫ్‌సీసీ 2024 జూలైలో అందరికీ 60 రోజులే అని ప్రతిపాదన పెట్టింది, నాకు అది న్యాయంగా అనిపించింది. ఏడాది అంటే మాత్రం అది మోసాన్ని ఆపడానికి కాదు, ఆ మాట మా ఆఫీసులోనైనా అంటాను. జియోఫోన్ మీద మీరెవరూ జవాబు చెప్పలేదు, గమనించండి.

వరంగల్_స్వాతి

చెప్తా. ఆ ఫోన్ మీ అమ్మగారికి మంచి చేసింది, కాదనను. కానీ 2018 సెప్టెంబర్‌లో వాట్సాప్ వచ్చేదాకా జియో స్టోర్‌లో ఉన్నవే గతి, మీరు అమ్మకి వాట్సాప్‌లో వీడియో పంపలేకపోయారు కదా? రేటు తక్కువైనప్పుడు సిమ్ లాక్ ఒప్పుకుంటాను, ఏ యాప్ రావాలో కూడా వాళ్లే చెప్పడం ఒప్పుకోను.

తెనాలి_చందు

అందరికీ థ్యాంక్స్. అక్క రేపు వెళ్తోంది, ఫోన్ తీసుకెళ్తోంది, అక్కడ వాళ్ల సిమ్ వేసి తనే వాడుకుంటుంది, ఏడాది నిండాక పంపిస్తానంది. నాన్నకి తెనాలిలోనే ఒకటి కొన్నాం. అమెరికా నుంచి ఎవరైనా ఫోన్ తెస్తుంటే సెట్టింగ్స్‌లో జనరల్, అందులో అబౌట్ తెరిచి, కిందకి వస్తే క్యారియర్ లాక్ అని ఉంటుంది, దాని ఎదురుగా నో సిమ్ రిస్ట్రిక్షన్స్ అని ఉంటేనే బ్యాగ్‌లో పెట్టమనండి. ఇంకోటి, ఐఫోన్ 14 నుంచి అక్కడి మోడల్స్‌లో సిమ్ పెట్టే ట్రే ఉండదు, ఫోన్‌లోనే ఉండే ఈసిమ్ ఒక్కటే, పెద్దవాళ్లకి తెచ్చేటప్పుడు అది కూడా చూసుకోండి.