సమస్య: ఉప్పు వేసిన నీటిలో నుప్పు లేదు

ఛందస్సు తేటగీతి. విషయం ఇంటి ఈతకొలను, అదీ ఉప్పునీటిది, మనిషిని పెట్టుకోకుండా మనమే చూసుకునేది. నిన్న యాభై వేల లీటర్ల కొలనులో 160 కిలోల ఉప్పు పోసి, బ్రష్షుతో అడుగంతా తోసి, నడుం పట్టుకుని కూర్చున్నప్పుడు తట్టిన పాదం ఇది. పూరించండి.

తొలకరి:

పదవ వంతట కడలితో పట్టి చూడ
నాలుకకది తెలియదయ్య నవ్వు వచ్చు
ఈత కొట్టెడు పాపడే యిట్లు పలికె
ఉప్పు వేసిన నీటిలో నుప్పు లేదు

పాలపిట్ట: పాపడి నోట పెట్టడం బాగుంది, సమస్య ఇట్టే విడిపోయింది. లెక్కా సరే, సముద్రంలో సుమారు 35,000 పీపీఎం (పది లక్షల పాళ్ల నీటిలో అన్ని పాళ్ల ఉప్పు), కొలనులో 3,200 దగ్గర. కానీ "నవ్వు వచ్చు" యతి కోసం వచ్చిన నవ్వండీ, నాకైతే రాలేదు.

గవ్వ: మొదటిసారి రాస్తున్నాను, తప్పులుంటే చెప్పండి.

విద్యుదావేశమున మారి విషము గాగ
పాచి పురుగును గూల్చెడి యుద్ధమందు
క్లోరినైపోయె మొత్తము కొరత వచ్చె
ఉప్పు వేసిన నీటిలో నుప్పు లేదు

పాలపిట్ట: గణాలు కుదిరాయి. రెండో పాదంలో యతి తప్పింది, "పా"కి "యు" చెల్లదు. "పనికి పోయి" అంటే సరిపోతుంది. అసలు పేచీ మూడో పాదంతో. ఉప్పు అయిపోదు గవ్వ గారూ! సెల్‌లో (ఉప్పునీటిలోకి కరెంటు పంపే పలకల పెట్టెలో) క్లోరిన్‌గా మారుతుంది, పాచిని చంపాకో ఎండ తగిలాకో మళ్లీ ఉప్పు రూపానికే వస్తుంది. నీళ్లు ఆవిరైనా ఉప్పు కొలనులోనే ఉంటుంది. నీళ్లతో పాటే బయటికి పోవాలి: ఈదేవాళ్లు చిమ్మితే, ఫిల్టర్ బ్యాక్‌వాష్ చేస్తే (నీళ్లు వెనక్కి తిప్పి కడిగితే), లీకైతే, వానకి పొర్లితే. అందుకే వారం వారం బస్తా పోసేవాళ్లని చూస్తే నాకు టెన్షన్.

గవ్వ: ఆ బస్తా పోసింది నేనే. సెల్ యంత్రం తెర మీద "ఉప్పు తక్కువ" అని వస్తే పరీక్ష కూడా చేయకుండా 40 కిలోలు కుమ్మరించాను, మర్నాడూ అదే మాట. సెల్ విప్పి చూస్తే పలకల మధ్య తెల్లగా, గోరుతో గీకినా రానంత గట్టిగా సున్నం. పలుచటి యాసిడ్‌లో నానబెడితే బుస్సున నురగొచ్చి పోయింది. ఈసారి అంకె చూస్తే ఉప్పు ఎక్కువ! ఎక్కువైన ఉప్పు తీసే మందేదీ లేదు కదా, కొంత నీళ్లు వదిలేసి మంచినీళ్లు నింపాను. అందుకే ఇంకోటి:

పలక లందున సున్నము పట్టి యుండ
మూట మోయించె మీటరు మోసగించి
ఎంత పోసిన మరి మరి యిట్టు లనెను
ఉప్పు వేసిన నీటిలో నుప్పు లేదు

తొలకరి: మాలో ఎవరికీ తట్టలేదిది, పడ్డవాళ్లకే తెలుస్తుంది. "మూ"కి "మో" యతి చెల్లుతుందా?

పాలపిట్ట: చెల్లుతుంది, ఉ ఊ ఒ ఓ ఒకే జట్టు. నా ఓటు దీనికే. ఒక్క మాట, ఆ సున్నం ఊరికే పట్టలేదు. సెల్ నడిచేకొద్దీ పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణాల కొలత) పెరుగుతుంది, 7.8 దాటనిస్తే పలకలే ముందు తెల్లబడతాయి. 7.5 దగ్గర ఆపండి. యాసిడ్ కలిపేటప్పుడు మాత్రం నీళ్లలోకి యాసిడ్ పోయాలి, యాసిడ్‌లోకి నీళ్లు కాదు.

గవ్వ: పద్యంలో పీహెచ్ ఎలా ఇరికించాలో ఆలోచిస్తున్నా, గణం ఒప్పుకోవట్లేదు.